పైకప్పు లేని కారునకు తలుపు బుష్షు బలము చేకూర్చునా?

మడత పైకప్పు గల క్రీడా కార్ల కొరకు మోటారు సామానుల వ్యాపారులు ఒక చిన్న వస్తువును విక్రయించుచున్నారు. అది తలుపు బుష్షు. రెండు వ్రేళ్ల నడుమ ఇమిడిపోవును. కారును తయారుచేసినవారు అమర్చిన మెత్తని బుష్షును తీసివేసి, దాని స్థానమున ఈ గట్టి బుష్షును బిగించినచో కారు దేహము దృఢమగుననియు, గతుకులలో వణకు తగ్గుననియు, మలుపులలో నిలకడ పెరుగుననియు వారు చెప్పుచుందురు. ఇంత చిన్న వస్తువు అంత పెద్ద కార్యము చేయగలదా? చేయగలిగినచో ఎంతవరకు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశము.

న్యాల్‌కల్ వంటి ఊరిలో క్రీడా కారు కానవచ్చుట అరుదే. అయినను బుష్షు అనగా ఏమో ఇచ్చటివారికి వేరుగా చెప్పనవసరము లేదు. ఎడ్లబండి చక్రపు కుండలో, ఇరుసు ఉండుచోట, బిగించు ఇనుప గొట్టము బుష్షే. అది అరిగినప్పుడు చక్రము అటునిటు ఊగుట రైతులు ఎరిగినదే. క్రొత్త బుష్షు వేయించగనే చక్రము కుదురుకొనును. కాని బుష్షు మార్చినంత మాత్రమున విరిగిన ఆకు అతుకుకొనదు. సడలిన పట్టా బిగియదు. ఈ తేడాను మనస్సునందుంచుకొనినచో కారు తలుపు సంగతియు సులభముగా బోధపడును.

మరియొక కారణము చేతను ఈ విషయము మనకు అవసరమైనదే. పెండ్లి ఊరేగింపుల కొరకు పాత కార్ల పైకప్పును కోయించి, వానిని తెరచిన బండ్లుగా మార్పించువారు మన జిల్లాలలో కలరు. కోసిన కారు తలుపులు సరిగా పడక గలగలలాడునప్పుడు, బుష్షులు మార్చినచో సరిపోవునని చెప్పువారు దొరకకపోరు. ఆ సలహా ఎంతవరకు చెల్లునో తెలియవలెనన్నచో ముందుగా పైకప్పు కారునకు చేయు మేలు ఏమో తెలియవలెను.

ఇంటిలో చెప్పుల అట్టపెట్టె యొకటి తీసికొనుడు. మూత తీసి, రెండు చివరలను రెండు చేతులతో పట్టుకొని, తడిగుడ్డను పిండునట్లు మెల్లగా మెలిపెట్టి చూడుడు. పెట్టె సులభముగా వంకరపోవును. ఇప్పుడు మూతను పెట్టి, అంచులకు కాగితపు పట్టీ అంటించి, మరల మెలిపెట్టుడు. అదే అట్ట, అదే బలము. అయినను పెట్టె కదలనొల్లదు. మూత యొక్క బరువు వలన ఈ బలము రాలేదు. నాలుగు ప్రక్కలను ఒకదానితో నొకటి కట్టివేసి, పెట్టెను మూసిన గూడుగా చేసినందువలన వచ్చినది.

ఈ సూత్రమును యంత్రశాస్త్రజ్ఞులు లెక్కలలో చూపుదురు. 50 మిల్లీమీటర్ల వ్యాసార్థమును, 1 మిల్లీమీటరు మందమును గల రేకు గొట్టమును ఊహింపుడు. దానిని పొడవునా ఒక్క చీలిక చీల్చినచో, మెలికి ఎదురు నిలుచు దాని బిగువు 7,500వ వంతునకు పడిపోవును. తీసివేసిన లోహము వెంట్రుకవాసి మాత్రమే. పోయిన బలము దాదాపు సమస్తము. మూసిన ఆకారమునకును తెరచిన ఆకారమునకును గల భేదము ఇంతటిది. కారు ఒక్క గొట్టము కాదు గనుక పైకప్పు తీసినప్పుడు నష్టము ఈ లెక్కన ఉండదు. అయినను నష్టము యొక్క స్వభావము ఇదియే.

ఐతే జీపునకు గుడ్డ కప్పు ఉన్నను అది ఏల నిలుచుచున్నదని ఎవరైన అడుగవచ్చును. సరియైన ప్రశ్న. మహీంద్రా అండ్ మహీంద్రా వారు 1947లో విల్లీస్ జీపులను మన దేశమునందు కూర్చుట ప్రారంభించిరి. ఆ జీపులకు అడుగున నిచ్చెన వంటి ఉక్కు చట్రము, అనగా ఛాసీ, వేరుగా ఉన్నది. ఇంజను, చక్రములు, కూర్చుండు పీటలు అన్నియు దాని మీదనే ఆధారపడినవి. కప్పు ఎండవానలకు అడ్డు మాత్రమే. జహీరాబాదులో 1980ల దశకమున ఆల్విన్ నిస్సాన్ కర్మాగారమునుండి వెలువడిన చిన్న లారీల నిర్మాణమును ఈ తీరుదే. డ్రైవరు గది చట్రము మీద కూర్చుండిన పెట్టె. తరువాత ఆ సంస్థ మహీంద్రా వారి వశమయ్యెను. నేడు వారు జహీరాబాదులో ట్రాక్టర్లు చేయుచున్నారు. ట్రాక్టరునకు ఇంజను పెట్టెయు గేరు పెట్టెయు కలసి వెన్నెముక యగును. తలుపు ఉన్నను లేకున్నను దానికి లోటు లేదు.

చట్రము మీద కట్టిన కార్లును ఉండినవి. ఇంగ్లండులో 1959లో వెలువడిన ట్రయంఫ్ హెరాల్డు అట్టిది. దానినే మన దేశమున స్టాండర్డు హెరాల్డు అను పేర 1961 నుండి మద్రాసులో తయారుచేసిరి. చట్రము వేరుగా ఉండుటచేతనే ఒకే అడుగు భాగము మీద మూసిన కారును, మడత పైకప్పు కారును కూడ సులభముగా కట్టగలిగిరి. 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైరు అను క్రీడా కారు కూడ హెరాల్డు చట్రమునుండి పుట్టినదే.

నేటి కార్లలో చాల భాగమునకు ఇట్టి వేరు చట్రము లేదు. నేల రేకులు, ప్రక్కలు, స్తంభములు, పైకప్పు అన్నియు కలిపి అతికిన ఒకే పెట్టె కారు దేహమై, బరువును తానే మోయును. బరువు తగ్గుట ఇందలి లాభము. కాని ఇట్టి కారునకు పైకప్పు తీసివేసినచో చెప్పుల పెట్టె మూత తీసినట్లే. ఇటలీ దేశపు లాంచియా సంస్థవారు 1922లోనే లాంబ్డా అను తెరచిన కారును చట్రము లేకుండ కట్టిరి. అది నిలుచుటకు దాని ప్రక్కలను తొట్టి గోడల వలె లోతుగా ఉంచి, వానికే భారము నప్పగించిరి. పైన పోయిన బలమును క్రింద సమకూర్చవలెనను నీతి ఆనాటినుండి ఉన్నదే. నేటి మడత పైకప్పు కార్లలో తలుపు క్రింద, ముందు చక్రమునుండి వెనుక చక్రము వరకు సాగు బోలు కమ్మి లావుగా నుండుటకు కారణమిదియే. దీనిని మనము గడప కమ్మి అనుకొందము. నేలకు అడ్డుగాను, ఏటవాలుగాను బిగించు కమ్మీలును ఇందు కొరకే.

జపానుకు చెందిన మాజ్డా వారి ఎంఎక్స్-5 ఈ జాతి కార్లలో మిక్కిలి పేరు పొందినది. 1989లో చికాగో ప్రదర్శనమున లోకమునకు కనబడి, 2016లో పది లక్షల సంఖ్యను దాటినది. ఇద్దరు కూర్చుండు చిన్న కారు. వేరు చట్రము లేదు. తలుపు బుష్షులను గూర్చి ఎక్కువగా చర్చించుకొనువారు ఈ కారు యజమానులే.

ఇక తలుపు సంగతి చూతము. మన ఇండ్లలో దర్వాజ చౌకట్టు ఎట్టిదో కారు తలుపు చోటును అట్టిదే. క్రింద గడప, ముందు ఒక స్తంభము, వెనుక ఒక స్తంభము. మూసిన కారులో పైదూలమును ఉండును. మడత పైకప్పు కారులో పైదూలము లేదు. గతుకులో ఒక చక్రము పైకి లేచినప్పుడు చౌకట్టు మూలలు కొంచెము వంకరపోయి, రెండు స్తంభములు ఒకదానిని మించి మరియొకటి కదలును. తలుపు ముందు స్తంభమునకు రెండు మడత బందులతో కట్టబడియున్నది. వెనుక స్తంభమునకు గడియ ఒక్కటే ఆధారము. ఆ గడియ దగ్గర, తలుపు అంచున పొడుచుకొని వచ్చిన చిన్న దిమ్మయు, స్తంభము మీద దానికి తగిన గాడియు అమర్తురు. తలుపు పడినప్పుడు దిమ్మ గాడిలో చొచ్చి, తలుపు పైకి క్రిందికి ఆడకుండ పట్టియుంచును. ఆ దిమ్మకు తొడుగైన మెత్తని పదార్థమే బుష్షు.

ఏండ్లు గడచిన కొలది ఆ తొడుగు అరుగును, పగులును, ఎండకు గట్టిపడి రాలును. అప్పుడు దిమ్మకును గాడికిని నడుమ సందు ఏర్పడి తలుపు ఆడసాగును. వ్యాపారులు అమ్ము బుష్షు తరచుగా అసిటల్ అను గట్టి ప్లాస్టిక్కుతో చేసినది. అమెరికాలోని డ్యూపాంట్ సంస్థవారు 1960లో డెల్రిన్ అను పేర దీనిని బజారునకు తెచ్చిరి. ఇది నున్ననిది, రాపిడికి త్వరగా అరుగదు. సామాన్యపు రబ్బరుకన్న ఇంచుమించు వేయి రెట్లు గట్టిది. ఉక్కుతో పోల్చిన డెబ్బదవ వంతు మాత్రమే. కావున ఈ పనికి అది తగిన పదార్థమే యని ఒప్పుకొనవలెను.

అట్టి బుష్షు బిగించినచో జరుగునది ఇది. సందు పూడిపోవును. వెనుక స్తంభము కదలబోయినప్పుడు తలుపు వెంటనే అడ్డు తగులును. ఆ మేరకు తలుపు, రెండు స్తంభముల నడుమ పెట్టిన పలక వలె, చౌకట్టు వంకరపోకుండ కొంత సాయపడును. ఈ వాదములో అసత్యము లేదు. టొయోటా వారి క్రీడా విభాగమగు టీఆర్‌డీ కూడ గడియ దగ్గరి సందును స్ప్రింగు సాయమున పూడ్చు సాధనమును అమ్ముచున్నది. దానిని మూసిన కార్లకును బిగింతురు. కనుక ఇది కేవలము సంతవ్యాపారుల మాయ కాదు.

కాని ఆ సాయము ఎంతటిది? తలుపు పలుచని రేకుల కూర్పు. దానిని పట్టుకొనునవి రెండు బందులు, ఒక గడియ. ఇంటి చౌకట్టు ఒరిగినప్పుడు తలుపు మూసియుంచినచో అది నిలబడునా? కొంచెము తట్టుకొనును, పిమ్మట బందుల మేకులే సడలును. కారులోను అంతే. భారము ఎక్కినకొలది బందులు, వాని సూదులు, గడియ సాగును, అరుగును. అడుగున గడప కమ్మియు అడ్డకమ్మీలును చేయు పనితో పోల్చినచో తలుపు చేయగల పని స్వల్పము. అదియు మెలికి ఎదురు నిలుచుటలో కన్న, కారు నడుము వంగుటను అడ్డుటలో ఎక్కువగా కనబడును. మలుపులలో నిలకడ టైర్ల వలనను, వాని గాలి వలనను, చక్రముల అమరిక వలనను, షాక్ అబ్సార్బర్ల వలనను వచ్చునది. దానిని తలుపు బుష్షునకు అంటగట్టుట న్యాయము కాదు.

అయినచో బుష్షు మార్చినవారు కారు ఎంతో గట్టిపడినదని ఏల చెప్పుదురు? దీనికి సమాధానము రేడియో పెట్టెలో కలదు. మృదంగము మ్రోగునప్పుడు పెట్టె వెనుక పలక వదులుగా ఉన్నచో అది కూడ జుమ్మని మ్రోగును. పలకకును పెట్టెకును నడుమ ఒక గుడ్డముక్క దోపినచో ఆ రొద ఆగిపోవును. రేడియో క్రొత్తదైనట్లు తోచును. కాని లోపలి స్పీకరు మారలేదు. స్టేషనును పట్టుకొను శక్తి పెరుగలేదు. చెవికి బాధ కలిగించు ఒక చప్పుడు మాత్రము పోయినది. అదియు తక్కువ మేలు కాదు. ఐనను అది వేరొక మేలు.

కారు విషయమునను మనిషి చెవితోనే బిగువును అంచనా వేయును. గతుకు దాటినప్పుడు చక్రము సుమారు సెకనునకు 10 నుండి 15 మార్లు అదరును. పైకప్పు లేని దేహము యొక్క సహజపు కంపనము మూసిన కారులో కన్న తగ్గి, ఆ సంఖ్యకు చేరువగా దిగివచ్చును. రెండును కలసినప్పుడు ముందు అద్దపు చట్రము, స్టీరింగు, వెనుక చూచు అద్దము అన్నియు వణకును. దానికి తోడు వదులు తలుపు టకటకలాడినచో కారంతయు ఊడిపోవుచున్నట్లు తోచును. బుష్షు ఆ టకటకను మాన్పును. అద్దము వణకు మాత్రము చాలవరకు ఉన్నచోటనే ఉండును.

న్యాల్‌కల్ ప్రాంతపు త్రోవలు ఇట్టి కార్లకు మంచి పరీక్ష. ఇచ్చట నల్లరేగడి విస్తారము. అది వానలలో ఉబ్బి, ఎండలలో కుంగి బీటలు వారును. దాని మీద వేసిన త్రోవ ఒకవైపు లేచి, మరొకవైపు దిగును. ఎడమ చక్రము ఎక్కునప్పుడు కుడి చక్రము దిగును. కారును మెలిపెట్టుటకు ఇంతకన్న వేరు యంత్రమక్కరలేదు. జహీరాబాదు మీదుగా పోవు 65వ జాతీయ రహదారిలో నిశ్శబ్దముగా సాగిన కారు పల్లెదారిలో గలగలలాడుటకు కారణమిదే.

బుష్షు కొనదలచినవారు మొదట తమ తలుపునే పరీక్షింపవలెను. తలుపు మూసి, వెనుక అంచును పట్టి పైకి క్రిందికి ఆడించి చూడుడు. ఆడినచో, తలుపు తెరచి మరల అట్లే ఆడింపుడు. తెరచినప్పుడును ఆడుచున్నచో దోషము మడత బందులలో ఉన్నది. బుష్షు దానిని నయము చేయదు. మూసినప్పుడు మాత్రమే ఆడినచో బుష్షు అరిగినదని నమ్మవచ్చును. పిమ్మట దిమ్మ మీద సుద్దపొడి రాసి తలుపు వేసి తీయుడు. సుద్ద చెదరనిచో దిమ్మ గాడిని తాకుట లేదు. అరిగినది రుజువైనప్పుడు తయారీదారుల క్రొత్త బుష్షు వేసినను, బజారు బుష్షు వేసినను మేలే. సుద్ద రెండు ప్రక్కల సమముగా చెదరి, తలుపు ఆడనిచో ఖర్చు పెట్టి పొందునది అల్పము.

మార్చిన తరువాత ఫలితము తెలియవలెనన్నచో ఒకే త్రోవను, ఒకే వేగమున, టైర్లలో ఒకే గాలితో, రెండు మార్లు పోవలెను. బుష్షు ఉన్నదో లేదో తెలియని వ్యక్తిని ప్రక్కన కూర్చుండబెట్టి అతని మాట వినవలెను. డబ్బు పెట్టినవాని చెవి ఎప్పుడును లాభమునే వినును.

ఇక మిక్కిలి ముఖ్యమైన సంగతి. బుష్షు ఎంత బిగువుగా ఉన్న అంత మంచిదనుకొని, దాని క్రింద రేకుముక్కలు దోపువారు కలరు. అప్పుడు తలుపు మూతపడుటకు బలముగా విసరవలసి వచ్చును. ఒక్కొక్కప్పుడు గడియ సగము మాత్రమే పడును. తలుపు మూసినట్లు కనబడును గాని పూర్తిగా పడియుండదు. 2004లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యమున ఏర్పడిన ప్రపంచ వాహన నిబంధనలలో మొదటిది కారు తలుపు గడియలను గూర్చినదే. దాని ప్రకారము పూర్తిగా పడిన గడియ ఒక దిశలో 11,000 న్యూటన్లు, మరియొక దిశలో 9,000 న్యూటన్లు, అనగా సుమారు 1,120 కిలోగ్రాములు, 918 కిలోగ్రాముల బరువునకు సమానమైన బలమును తట్టుకొనవలెను. సగము పడిన గడియకు విధించినది 4,500 న్యూటన్లు మాత్రమే. ప్రమాదమున మనుష్యులను లోపల ఉంచునది గడియయు, బందులును, సీటు బెల్టును. బుష్షు బిగువు కొరకు గడియను సగములో ఆపుట ప్రాణముతో బేరమాడుట. బుష్షు వేసిన తరువాత ఒక చేతి మామూలు త్రోపుతో తలుపు పూర్తిగా పడవలెను, లోపలినుండి సులభముగా తెరచుకొనవలెను. ఇట్లు కానిచో ఆ బుష్షును తీసివేయుటయే మంచిది.

పైకప్పు కోసిన కార్ల మాట వేరు. మడత పైకప్పుతో పుట్టిన కారునకు తయారీదారులే గడప కమ్మిని లావుచేసి, అడ్డకమ్మీలు చేర్చి పంపుదురు. మూసిన కారుగా పుట్టినదానికి ఆ ఏర్పాటు లేదు. దాని పైకప్పును రంపముతో తీసినప్పుడు పోయిన బలమును తిరిగి తెచ్చు శక్తి ఏ బుష్షునకును లేదు. తలుపు పడకపోవుట అచ్చట రోగము కాదు, రోగలక్షణము. నడుమ దేహము కుంగుచున్నదని చెప్పు హెచ్చరిక. బుష్షు దోపి తలుపును మూయించుట ఆ హెచ్చరిక నోరు మూయుటయే యగును. మోటారు వాహనముల చట్టపు 52వ విభాగము తయారీదారులు నిర్ణయించిన రూపమునకు విరుద్ధముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీము కోర్టు ఈ నియమమును గట్టిగా నిలబెట్టినది. ఊరేగింపునకు వధూవరులను కూర్చుండబెట్టుటకు తెరచిన బండి కావలసినవారికి చట్రము గల జీపు ఉండనే ఉన్నది.

మేము చెప్పవచ్చినది క్లుప్తముగా ఇది. అరిగిన బుష్షును మార్చుట మంచి పని. తలుపు కుదురుగా పడును, చప్పుడు పోవును, ప్రయాణము హాయిగా ఉండును. మంచి బుష్షును తీసి గట్టి బుష్షు వేయుట స్వల్ప లాభము. దేహమునకు బలము కావలసినచో ధనమును మొదట గడప కమ్మిలోని త్రుప్పు మాన్పించుటకును, పిమ్మట అడుగు భాగపు అడ్డకమ్మీలకును వినియోగింపవలెను. త్రుప్పు తిన్న గడప కమ్మి మీద క్రొత్త బుష్షు వేసినవాడు కూలిన గోడకు క్రొత్త గొళ్లెము పెట్టినవాడగును.